ముక్కుతో చదివిన ఫ్లాపీ

ముందే ఒప్పుకుంటున్నాను. ఒక కంప్యూటరు ఎందుకు మాటిమాటికీ చచ్చిపోతోందో కనిపెట్టమని నన్ను నూజివీడు పంపిస్తే, దాన్ని చంపుతున్న విషం పట్టించిన పళ్లనే నేను ప్రతిసారీ సంతోషంగా ఇంటికి మోసుకొచ్చి, టెంక చీకి మరీ తిన్నాను. అంతటితో ఆగి ఉంటే తిండిపోతు అనుకుని వదిలేయవచ్చు. ఆ హత్యకు అనువైన గదిని కూడా నేనే దగ్గరుండి సిద్ధం చేయించాను. పైగా ఏ పాపమూ తెలియని ఒకమ్మాయి మీదికి నేరం పోయేలా స్వహస్తాలతో కాగితం రాసిచ్చాను. ఇంత సమగ్రంగా తెలివితక్కువ పని చేసినవాణ్ణి మా సర్వీసు లైనులో ఇంకొకరిని నేనెరుగను. ఎవరైనా ఉంటే వాళ్లు జ్ఞాపకాలు రాయకుండా జాగ్రత్తపడ్డారు.

ఇప్పటి కుర్రాళ్లు మీరు జేబులో పెన్‌డ్రైవు వేసుకుని తిరుగుతారు. అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఉంటుంది. పడుకున్న కంప్యూటరుకు దాన్ని తగిలించి, లోపలి డిస్కు జోలికి పోకుండానే యంత్రాన్ని నడిపించి, కావలసిన ఫైళ్లన్నీ బయటికి లాగేస్తారు. ఎనభైల చివర్లో మాకా వైభోగం లేదు. లినక్స్ అప్పటికి పుట్టనే లేదు. మాకున్నదల్లా నల్లగా, చదరంగా, అట్టముక్కలా ఉండే ఫ్లాపీ ఒకటి. దాన్ని బూట్ ఫ్లాపీ అనేవాళ్లం. కంప్యూటరు తన సొంత హార్డ్ డిస్కుతో లేవనని మొరాయిస్తే, ఈ ఫ్లాపీ పెట్టి స్విచ్చి వేసేవాళ్లం. సొంత బుద్ధి పోయినా అరువు బుద్ధితో యంత్రం లేచి కూర్చునేది. అప్పుడు లోపల ఏం మిగిలిందో చూసి, దక్కినంత దక్కించుకునేవాళ్లం. కంప్యూటరు గది బయట బూట్లు విప్పి, బూట్ ఫ్లాపీతో లోపలికి వెళ్లడం, ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇదే నా ఉద్యోగం.

నేను బెజవాడలో ఒక కంప్యూటర్ల కంపెనీలో సర్వీసు ఇంజినీరుని. నూజివీడులోని మామిడి రైతుల సంఘంవాళ్లు మా దగ్గర ఒక కంప్యూటరు కొన్నారు. ఏ రైతు తోటలో కాయ ఏ రోజు లారీకెక్కాలో వరస వేయడం దాని పని. అంతకుముందు ఆ వరస సంఘం ఆఫీసు వరండాలో కేకలతో తేలేది. కంప్యూటరొచ్చాక కేకలు తగ్గాయి. అది పడుకున్న రోజు మళ్లీ పెరిగేవి.

దానికొక ఏసీ గది కట్టారు. గదికి ఇద్దరు కాపలాదారులు. ఒకరు సంఘం సెక్రటరీగారు. తెల్లటి పంచె, జేబులో గది తాళంచెవి, నోట్లో ఎప్పుడూ మర్యాద. రోజూ పొద్దున్నే తనే స్వయంగా తాళం తీసి, కంప్యూటరు ముందు కట్టెడు అగరొత్తులు వెలిగించేవారు. రెండో మనిషి దాన్ని నడిపే అమ్మాయి. రెడ్డిగూడెం నుంచి బస్సులో వచ్చేది. వాళ్ల అమ్మానాన్నలు మామిడి తోటల్లో కాయ కోతకు వెళ్లేవాళ్లు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం చూసిన మొదటి మనిషి ఆమె. అది కూడా టెంపరరీ. సీజను బాగా జరిగితే పర్మనెంటు చేస్తామని సంఘం బోర్డువాళ్లు మాటిచ్చారు.

సీజను మొదట్లోనే పిలుపొచ్చింది. వెళ్లి చూస్తే తెర మీద ఒకటే మాట: సిస్టమ్ డిస్కు లేదు. అంటే యంత్రం లేవడానికి హార్డ్ డిస్కులో ఉండాల్సిన ఫైళ్లు కనపడటం లేదని అర్థం. బూట్ ఫ్లాపీ పెట్టాను. లేచింది. ఆ ఫైళ్లు నిజంగా లేవా, ఉన్నాయా అని చూడాలి కదా, చూడలేదు. డాక్టరు నాడి పట్టుకోకుండా ఇంజక్షన్ పొడిచినట్టు, ఫ్లాపీలోంచి కొత్తవి తెచ్చి హార్డ్ డిస్కు మీద రాసేశాను. అలవాటుకొద్దీ మూత విప్పి, దుమ్ము ఊది, లోపల గాళ్లలో నిలబెట్టి ఉండే సర్క్యూటు కార్డులన్నిటినీ బొటనవేలితో ఒకసారి అదిమాను. మూత బిగించి స్విచ్చి వేస్తే ఫ్లాపీ లేకుండానే లేచింది. నా బుద్ధికి నేనే మురిసిపోయి కాగితం మీద ఇలా రాశాను: "సిస్టమ్ ఫైళ్లు చెరిగిపోయాయి. తిరిగి రాశాను."

సెక్రటరీగారు కళ్లజోడు సవరించుకుని చదివారు.

"చెరిగిపోయాయా అండీ, చెరిపేశారా?"

"వాటంతటవి పోవండీ. ఎవరో పొరపాటున చెరిపితేనే" అన్నాను పుస్తకంలో చదివింది అప్పజెబుతూ.

ఆయన ఆ అమ్మాయి వైపు చూశారు. నేను చూడలేదు. నా కళ్లు అప్పటికే గుమ్మం దగ్గరున్న వెదురు బుట్ట మీదున్నాయి. బుట్ట నిండా బంగారంలాంటి బంగినపల్లి పళ్లు.

"మన ఊరొచ్చినవాళ్లని ఒట్టి చేతులతో పంపమండీ" అన్నారు సెక్రటరీగారు.

రెండు వారాలైనా గడవలేదు, మళ్లీ పిలుపు. ఈసారి బూట్ ఫ్లాపీతో యంత్రం లేచింది గాని, హార్డ్ డిస్కు అనేది ఒకటుందన్న సంగతే దానికి గుర్తు లేదు. మూత విప్పి హార్డ్ డిస్కు కార్డు బయటికి లాగాను. కార్డు అంచున వరసగా ఉండే రాగి పళ్లు, అవే అవతలివైపు గాడిలోకి దిగి పట్టుకునేవి, మసి రాసినట్టు నల్లబడి ఉన్నాయి. కొన్ని నెలలు కూడా నిండని యంత్రానికి ముసలి పళ్లేమిటో నాకు అర్థం కాలేదు. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో రుద్దాను. మెరిశాయి. పెట్టాను. పనిచేసింది.

"ఏంటండీ రోగం?" అన్నారు సెక్రటరీగారు.

నాకు తెలియదు. తెలియదు అనే మాట కంపెనీ మాకు నేర్పలేదు.

"దుమ్మండీ. గదిలోకి బయటి గాలి రాకూడదు" అన్నాను.

అంతే. ఆయన అదే పూట వడ్రంగిని పిలిపించారు. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, కిటికీ సందులకు టేపు, ఏసీ పక్కనున్న కంతకు సిమెంటు. నేను ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ మూసేయించారు. సలహాను ఇంత ఉత్సాహంగా పాటించిన కస్టమరు నాకు ముందూ వెనకా తగల్లేదు. "ఇంజినీరంటే ఇలా ఉండాలండీ" అని బుట్ట చేతికిచ్చారు. ఈసారి బుట్ట పెద్దది.

గాలి ఆడకుండా మూశాక రోగం తగ్గాలా, పెరగాలా? పెరిగింది. వారం తిరక్కుండా మూడోసారి వెళ్లాను. తోమిన పళ్లు మళ్లీ నల్లబడ్డాయి. ఇక అక్కడి నుంచి నా బుర్ర మామిడి రసంలా గుజ్జయిపోయింది. ఎర్తింగ్ సరిగా లేదన్నాను. పెరట్లో గొయ్యి తవ్వి బొగ్గులు, ఉప్పు వేసి నీళ్లు పోశారు. అగరొత్తుల పొగ అన్నాను. "దేవుడి పొగ ఏం చేస్తుందండీ" అని సెక్రటరీగారు నొచ్చుకున్నారు. బల్ల కింద గడ్డిపరక ఒకటి దొరికితే ఎలుక గూడు అన్నాను, బోను తెప్పించారు. బోనులో టెంక పెట్టారు, ఎలుక పడలేదు. విస్సన్నపేట నుంచి వచ్చిన ఒక బోర్డు డైరెక్టరుగారు కంప్యూటరు దక్షిణం చూస్తోందని తేల్చారు. బల్ల తూర్పుకి తిప్పారు. నేను ఆపలేదు. ఆ సరికి నాకున్న జ్ఞానానికీ ఆయన జ్ఞానానికీ పెద్ద తేడా లేదు.

ఆ అమ్మాయిని అడిగాను. "పొద్దున్న వచ్చి మొదట ఏం చేస్తావమ్మా?"

"సెక్రటరీగారు పూజ చేసి గది తెరిచి ఉంచుతారండీ. నేను వచ్చి స్విచ్చి వేస్తాను. కాసేపటికి తలనొప్పి వస్తది సార్. పదకొండయ్యేసరికి పోద్ది."

"తెర వెలుతురుకి తలనొప్పి వస్తుందమ్మా" అన్నాను. పదకొండింటికి ఎందుకు పోతుందో అడగాలని తోచలేదు. తెర ముందు ఒక రంగు అద్దం పెట్టుకోమని చెప్పాను.

ప్రతి పూటా బెజవాడ నుంచి పరుగెత్తలేను కాబట్టి నా బూట్ ఫ్లాపీ ఆమెకిచ్చి, యంత్రం మొరాయించినప్పుడు ఎలా లేపాలో నేర్పాను. చెప్పింది చెప్పినట్టు చేసేది. ఫ్లాపీని కాగితం తొడుగులో పెట్టి, బల్ల సొరుగులో అడుగున భద్రంగా దాచేది. డిస్కు కనపడిన రోజు లారీల వరస నడిచేది. కనపడని రోజు వరండాలో కేకలు.

నాలుగోసారి వెళ్లిన రోజు సెక్రటరీగారు పొద్దున్నే గది తెరిచి, పని మీద ఊరెళ్లారు. ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. యంత్రం మామూలుగా లేవలేదు, నేను మామూలుగా తోమాను, అది మామూలుగా లేచింది. మూత బిగిస్తుంటే మెల్లగా అంది.

"సార్, వచ్చే గురువారం బోర్డు మీటింగండి. నన్ను తీసేస్తారంట."

"ఎందుకు?"

"ఫైళ్లు చెరిపేస్తున్నానంట. మీరు మొదట్లో రాసిచ్చిన కాగితం చూపిస్తున్నారండి సెక్రటరీగారు. వాళ్ల బావమరిది కంప్యూటరు కోర్సు చదివాడంట, అతన్ని తీసుకుంటారని అంటున్నారు."

స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాను.

"నువ్వేమైనా చెరిపావా అమ్మా?"

"చెరపడం నాకు మీరు ఇంకా నేర్పలేదు కద సార్" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. "మా నాన్న తోట పనికి పిలిస్తే ఇంక రానని చెప్పేశానండి. ఇప్పుడెళ్లి మళ్లీ అడగాల" అంది.

ఇంకోచోట అవసరం ఉండి ఫ్లాపీని తీసి సంచిలో వేసుకున్నాను. ఆ రోజు బుట్ట లేదు. బస్సులో నా ఒడి ఖాళీగా ఉంది, బుర్ర కూడా అంతే. ఆమె చెరపలేదని నాకు తెలుసు. కాని రోగం ఏమిటో చెప్పలేనివాడు, ఆ అమ్మాయి తప్పు లేదని ఎలా చెబుతాడు? కాగితం మాత్రం నాది, సంతకంతో సహా.

ఇంటికెళ్లి సంచి కింద పెట్టగానే మా ఆవిడ ముక్కు చిట్లించింది.

"మళ్లీ తెచ్చారా ఆ పళ్లు?"

"ఇవాళ తేలేదే."

"మరి ఈ వాసనేంటండీ?"

సంచి తెరిచి ఒక్కొక్కటే బయట పెట్టింది. స్క్రూడ్రైవర్లు, టిఫిన్ డబ్బా, ఫ్లాపీ. ఫ్లాపీ తొడుగు ముక్కు దగ్గర పెట్టుకుని నా చేతికిచ్చింది. వెల్లుల్లి కుళ్లినట్టు ఒక వాసన. ఆ వాసన నాకు కొత్త కాదు. ఆ బుట్టలు మోసుకొచ్చిన ప్రతి రోజూ బస్సంతా అదే.

"మందు పెట్టి మాగించిన కాయలండీ అవి. కార్బైడు. పైకి నిగనిగ, లోపల పులుపు. నేను ఒక్కటీ తినలేదు" అంది మా ఆవిడ.

"మరి చెప్పలేదేం?"

"మీరు అంత ఇష్టంగా తింటుంటే ఏం చెప్పమంటారు? మొన్న ఆ బుట్ట దేవుడి గూటి పక్కన పెడితే వెండి కుంకుమభరిణె నల్లగా అయింది. చింతపండు పెట్టి తోముకోలేక చచ్చాను."

తోముకోలేక అన్న మాట దగ్గర నాకు మొట్టమొదటిసారి బుర్ర వెలిగింది. వెండిని నల్లబరిచే గాలి రాగిని వదులుతుందా? మొదటి రోజు కూడా యంత్రాన్ని లేపింది నేను రాసిన ఫైళ్లు కావు, కార్డుల్ని అదిమిన నా బొటనవేలు. పండ్ల బుట్ట లేని రోజున నా సంచికి ఈ వాసన ఎక్కడిది? ఫ్లాపీది. ఫ్లాపీ ఎక్కడుంది ఇన్నాళ్లూ? ఆ గదిలో, సొరుగు అడుగున, అగరొత్తుల పొగ చేరని చోట. ఊరంతటిలో గాలి చొరబడని గది అదొక్కటే. దాన్ని అలా చేయించింది ఎవరు? నేను. సాయంత్రం ఏసీ ఆపి, ఆ అమ్మాయి వెళ్లాక బుట్టలు లోపల పెట్టి తలుపు బిగిస్తే, ఇంతకంటే మంచి మాగబెట్టే గది జిల్లాలో ఉండదు. పొద్దున్నే బుట్టలు బయటికి, అగరొత్తులు లోపలికి. ఆ పిల్లకు తలనొప్పి కలిగించింది తెర కాదు, తలుపు. పదకొండయ్యేసరికి తలుపు తెరుచుకుని, మూసుకుని కాస్త గాలి మారేది.

ఫ్లాపీని ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి కట్టాను. గురువారం పిలవకుండానే నూజివీడు వెళ్లాను.

బోర్డు డైరెక్టర్లందరూ తోటలున్నవాళ్లు. ప్రెసిడెంటుగారైతే కాయ కోసిన చెట్టు ఏ దిక్కు కొమ్మదో చెప్పగలనని చెప్పుకునే మనిషి. సెక్రటరీగారు నా కాగితం చదివి వినిపిస్తున్నారు. ఆ అమ్మాయి గోడ పక్కన నిలబడి ఉంది. నేను లేచి, "ఆ కాగితం తప్పండీ. రాసింది నేనే" అన్నాను.

అందరినీ యంత్రం దగ్గరకు రమ్మన్నాను. స్విచ్చి వేస్తే అదే మాట: సిస్టమ్ డిస్కు లేదు. బూట్ ఫ్లాపీ పెట్టలేదు, ఏ ఫైలూ రాయలేదు. హార్డ్ డిస్కు కార్డు ఒక్కటి తీసి, నల్లటి పళ్లు అందరికీ చూపించి, రబ్బరుతో తోమి, తిరిగి పెట్టాను. యంత్రం తనంతట తను లేచింది.

"ఫైళ్లు ఈ అమ్మాయి చెరిపి ఉంటే ఇప్పుడు లేచేది కాదండీ. అవి లోపలే ఉన్నాయి. దారి మూసుకుపోయిందంతే."

"సరేనండీ" అన్నారు సెక్రటరీగారు, ఏ మాత్రం తొణక్కుండా. "దారి మూసింది మాత్రం ఎవరు? గదిలో రోజంతా ఉండేది ఆ అమ్మాయే కదండీ."

నేను కవరు విప్పి ఫ్లాపీ ప్రెసిడెంటుగారి చేతిలో పెట్టాను.

"ఇది వాసన చూడండి."

"చదవమంటారేమో అనుకున్నా. వాసన చూడమంటారేంటి?"

"చదవడానికి యంత్రం కావాలండీ. దీనికి మీ ముక్కు చాలు."

ఆయన అనుమానంగానే దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నారు. తెరిచాక పక్కనున్న విస్సన్నపేట డైరెక్టరుగారికి అందించారు. ఆయన పీల్చి ఇంకొకరికిచ్చారు. అలా చేతులు మారింది. నా ఫ్లాపీని జీవితంలో అంత శ్రద్ధగా ఏ డ్రైవూ చదవలేదు.

"కార్బైడు" అన్నారు ఒకరు.

"బంగినపల్లికి పెట్టినట్టున్నారు" అన్నారు ఇంకొకరు. అది మాత్రం వేళాకోళమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

ప్రెసిడెంటుగారు సెక్రటరీ వైపు తిరిగారు.

"ఏవయ్యా, మన ఆఫీసు బోర్డు మీద ఏం రాయించాం?"

"వరిగడ్డిలో మాగిన పండు అనండి."

"మరి ఇదేంటి? ఇది వరిగడ్డేనా?"

సెక్రటరీగారు పంచె అంచు సర్దుకున్నారు. "పైఆఫీసులకి పంపే బుట్టలండీ. గడ్డిలో వేస్తే వారం పడుతుంది. సీజను మొదట్లో పెద్దవాళ్లని ఆగమని ఎలా చెప్పనండీ? ఆ గదిలో అయితే రెండు రోజుల్లో రంగొచ్చేస్తుంది. గాలి చొరకుండా ఇంజినీరుగారే చేయించారు కూడానూ."

అందరూ నా వైపు చూశారు. నేను ఎలుక బోను వైపు చూశాను. అందులో పడాల్సింది నేనే.

తర్వాత ప్రెసిడెంటుగారు ఆ అమ్మాయిని పిలిచారు.

"నువ్వేం చెరపలేదమ్మా?"

"లేదండీ."

"అయితే పర్మనెంటు సంగతి మనం అనుకున్నట్టే. గది తాళం ఇకనుంచి నీ దగ్గర పెట్టుకో. సాయంత్రం వెళ్లేటప్పుడు నువ్వే వేసుకెళ్లు." సెక్రటరీ వైపు చెయ్యి చాపారు. తాళంచెవి జేబులోంచి బయటికి రావడానికి కొంచెం ఎక్కువ సేపే పట్టింది.

సెక్రటరీగారి ఉద్యోగానికి ఏమీ కాలేదు. పంపిన బుట్టలు తిన్నవాళ్లు అంత పెద్దవాళ్లు మరి. నాతో కూడా మర్యాద తప్పలేదు. మీటింగు అయ్యాక నవ్వుతూ వచ్చి, "ఇంకేమైనా చేయాలా అండీ యంత్రానికి?" అని అడిగారు. ఆ నవ్వు చూసేసరికి నాలో ఎక్కడో ఒక పులుపు లేచింది, అచ్చం ఆయనిచ్చిన పండులోలాగే.

"చాలా ఉందండీ" అన్నాను. "ఒక కార్డే తోమాను. మిగిలినవన్నీ కూడా అలాగే నల్లబడ్డాయి. ఈ పని ఆపరేటరు చేయకూడదు, ఇంజినీరు చేయకూడదు. గది తాళం ఎవరి దగ్గర ఉండేదో ఆ బాధ్యతగల అధికారి స్వయంగా చేయాలి. కంపెనీ రూలు."

ఒక్కో కార్డూ పీకి ఆయన ముందు పేర్చి, రబ్బరు చేతిలో పెట్టాను. ఆయన రబ్బరు వైపు చూశారు, ప్రెసిడెంటుగారి వైపు చూశారు. ప్రెసిడెంటుగారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమంతా సెక్రటరీగారు తెల్లటి పంచె మీద రబ్బరు నలుసులు రాల్చుకుంటూ, రాగి పళ్లు ఒక్కొక్కటే తోముతూ కూర్చున్నారు. తోమిన కార్డుల్ని ఆ అమ్మాయి వెలుతురులో పట్టుకుని చూసేది. ఒకదాన్ని వెనక్కి ఇచ్చేసింది.

"ఈ మూల ఇంకా నలుపుందండి" అంది, చాలా మర్యాదగా.

ఆయన మళ్లీ రుద్దారు. అలాంటి రూలు మా కంపెనీ ఏ పుస్తకంలోనూ లేదు.